చౌడప్ప మామ కూత

ముందుగా ఒట్టు. ఇందులో రాసేదంతా అక్షరం అక్షరం నిజం. మా ఆవిడ తల మీద పెడదామనుకున్నాను గాని, ఆ తల మీద ఇదివరకే చాలా ఒట్లు ఉన్నాయని, ఇంక చోటు లేదని ఆవిడే వద్దంది. అందుకని నా తల మీదే పెట్టుకుంటున్నాను. అక్కడ జుట్టు తగ్గిన కొద్దీ చోటు పెరిగింది. నన్నెరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి. నేను రాస్తున్నది చౌడప్ప మామను చూడనివాళ్ళ కోసం. చూసినవాళ్ళకు నా ఒట్టుతో పనిలేదు.

మొన్నొక ఆదివారం అద్దె ఇల్లు చూడటానికి నేనూ మా ఆవిడా పాత మిల్లు వైపు వెళ్ళాం. ఒకప్పుడు అక్కడొక చెరువు, చెరువు గట్టు పక్కన మిల్లు, మిల్లు చుట్టూ ఒక ఊరికి ఊరే ఉండేది. ఇప్పుడు మిల్లుకు తాళం. పొగగొట్టం ఒక్కటే ఎవరో రమ్మని చెప్పి రాకపోయినట్టు నిలబడి ఉంది. చెరువు ఉండిన నేలలో వరసగా ఇళ్ళు లేచాయి. ఇల్లుగలాయన వంటగది చూపిస్తూ, ఇక్కడ నీళ్ళకు కరువే లేదు సార్, కాస్త తవ్వితే చాలు ఊరిపోతాయి అని గర్వంగా చెబుతున్నాడు. చెరువులో ఇల్లు కట్టి నీళ్ళు పడ్డాయని మురిసిపోయేవాణ్ణి ఏమనగలం? సరిగ్గా అప్పుడే పక్కింట్లో ప్రెషర్ కుక్కరు కూసింది. కందిపప్పు వాసనతో తడి ఆవిరి కిటికీలోంచి లోపలికి కొట్టింది. కూత ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. మా ఆవిడ చీర కుచ్చెళ్ళు పిడికిట్లో పట్టుకుని వాకిలి వైపు గబగబా నడిచి, గడప దగ్గర ఆగి నా మొహం చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వు ముంచుకొచ్చింది. ఇల్లు నచ్చక నవ్వుతున్నామని పాపం ఆయన చిన్నబుచ్చుకున్నాడు. ఆ నవ్వుకు కారణం ఆయనకు చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

బెంగళూరును తోటల ఊరని పొగిడేవాళ్ళు యుద్ధం రోజుల్లో మా వైపు వచ్చి ఉండరు. మా వైపు తెల్లవారితే బొగ్గు పొగ, దూది నలుసులు, గంజి వాసన. సైన్యానికి ఖాకీ గుడ్డా గుడారాల గుడ్డా నేసి నేసి మిల్లులో మగ్గాలకు ఊపిరి సలిపేది కాదు. చెరువు నీళ్ళు బాయిలరులోకి పోయేవి. బాయిలరులో ఆవిరి నూలుకు గంజి పట్టించడానికి పోయేది. అందులో కాస్త ఆవిరి మిల్లు కప్పు మీదున్న ఇత్తడి కూతకు పోయేది. ఆ కూత గొలుసు చౌడప్ప మామ చేతిలో ఉండేది. ఆయన లాగితే పేట లేచేది, ఆయన లాగితే తినేది, ఆయన లాగితే ఇల్లు చేరేది. కూత వినబడేంత మేర గడియారం కొన్నవాళ్ళు ఉండేవాళ్ళు కారు, కొన్నా దాన్ని నమ్మేవాళ్ళు కారు.

నేను ఆ మిల్లు గేటు దగ్గర టైము ఆఫీసులో గుమాస్తాను. చిక్కపేటలో గుడ్డల అంగడి నడిపే మా నాయన, కాస్త ఇంగ్లీషు వచ్చిన కొడుకు అంగడిలో గజంబద్ద పట్టుకుంటే బాగుండదని నన్నక్కడ చేర్పించాడు. అప్పట్లో నాకు అబద్ధం ఆడటం రాదు. ఇది కూడా ఒట్టులో భాగమే, నమ్మాలి. కూత ఆగగానే గేటు మూయమన్నారు, మూసేవాణ్ణి. కాని చేరిన కొత్తలోనే ఒక విడ్డూరం కనిపెట్టాను. కూత రోజుకొక పొడుగు ఉండేది. వాన పడిన రోజు మరీ పొడుగు. ఒకనాడు అది ఎంతకీ ఆగకపోతే గేటు రెక్క పట్టుకుని గట్టు వైపు చూశాను. నూలు చుట్టే ఆడవాళ్ళు బురదలో పరుగెత్తుకు వస్తున్నారు. అందరికంటే వెనక ఒక ముసలామె తెగిన చెప్పు చేత్తో పట్టుకుని రొప్పుతూ వస్తోంది. ఆమె గేటు లోపల కాలు పెట్టింది, కూత ఆగింది.

కోపంగా బాయిలరు ఇంటికి పోయాను. పొట్టి మనిషి, తలకు తుండు, ఆవిరికి ఎప్పుడూ తడిసి కిందికి వేలాడే మీసాలు. ఆయన నిలబడే కిటికీలోంచి గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా కనబడుతోంది. కూత ఎంతసేపు వెయ్యాలో ఒక నియమం ఉండొద్దా అని అడిగాను. ఆయన నా చేతి గడియారాన్ని, జబ్బుచేసిన కోడిపిల్లను చూసినట్టు చూశాడు.

"నీ గడియారం నీ ఒగని చేతికే తెలుస్తాదప్పా. నా కూత ఊరందరిదీ. అది ఆగేదాకా వేళ అయ్యేలేదు."

మేనేజరు దొరకు చెబుతానన్నాను. చెప్పుకో, ముందు కాఫీ తాగిపో అన్నాడు. బాయిలరు వేడికి కాచిన బెల్లం కాఫీ. అంత మంచి కాఫీ గొంతులో దిగాక చాడీ పైకి రావడం కష్టం. ఆనాటి నుంచి నేను ఆయనకు గడియారప్పను, ఆయన నాకు చౌడప్ప మామ.

ఆయనది నేతగాళ్ళ ఇల్లు. ఇంట్లో గుంట మగ్గం మూతపడ్డాక మిల్లుకు వచ్చాడు. మిల్లు చూడటానికి పై ఊళ్ళ నుంచి ఎవరెవరో వచ్చేవాళ్ళు. వాళ్ళను అన్ని చోట్లా తిప్పి చివరకు బాయిలరు ఇంటికి తెచ్చేవాణ్ణి. అక్కడ చౌడప్ప మామ వాళ్ళకు ఊరి చరిత్ర చెప్పేవాడు. ఈ చెరువును ఒక పాలెగాడు కూతురి పెళ్ళికి తవ్వించాడని ఒకరికి చెబితే, అదే పాలెగాడు పెళ్ళి తప్పించుకోవడానికి ఊరి చుట్టూ నీళ్ళు నింపాడని ఇంకొకరికి చెప్పేవాడు. మధ్యాహ్నం కూత వింటే చెరువులో చేపలన్నీ గట్టుకు వస్తాయనేవాడు. వాళ్ళు నవ్వితే కిటికీ దగ్గర నిలబెట్టి గొలుసు లాగేవాడు. నిజంగానే గట్టు పక్కన నీళ్ళు కుతకుతలాడేవి. ఆడవాళ్ళు సంగటి గిన్నెలు కడుక్కునేది ఆ వేళకేనని మాత్రం చెప్పేవాడు కాదు. చేపల్ని చూశాక వాళ్ళు పాలెగాణ్ణి కూడా నమ్మి వెళ్ళిపోయేవాళ్ళు. ఇదంతా మోసం కాదా మామా అని ఒకసారి అడిగాను. ఆయన నేతగాడిలా జవాబిచ్చాడు.

"పడుగు ఒగ కొస గుంజకు కట్టాలప్పా. రెండో కొస నీ ఇష్టం, యాడిదాకైనా లాక్కో. గుంజే లేకుంటే నూలంతా గాలికి పోతాది."

కథ చెప్పడం గురించి ఇంతకు మించి నాకెవరూ నేర్పలేదు. నా కథల్లో గుంజ ఎక్కడుందో వెతుక్కోవడం వినేవాళ్ళ పని.

తర్వాత జపానువాళ్ళ భయం వచ్చింది. మద్రాసులో ఉండలేక జనం పెట్టెలతో, మేకలతో మా ఊళ్ళో రైలు దిగేవాళ్ళు. బాంబులు పడితే దాక్కోవడానికి చెరువు గట్టు వెంట కందకాలు తవ్వారు. కూతకు కూడా కొత్త చట్టం వచ్చింది. ఆగి ఆగి కూస్తే విమానాలు వస్తున్నట్టు, ఒకే కూత సాగదీస్తే గండం గడిచినట్టు. షిఫ్టు వేళలు తప్పించి ఊరికే గొలుసు ముట్టుకున్నవాడికి గొలుసు పోతుంది, ఆపైన పోలీసులు. మేనేజరు దొర స్వయంగా బాయిలరు ఇంటికి వచ్చి ఈ మాట చెప్పి వెళ్ళాడు. ఆరోజు చౌడప్ప మామ కాఫీ కాచలేదు. గొలుసు పోతే నేనేమప్పా, బొగ్గు ఎత్తే చేతులు ఈ ఊర్లో చానా ఉండాయి అన్నాడు. ఆయన భార్య ముద్దమ్మ రోజూ కొళాయి దగ్గర, మా ఆయన లేపితేనే బెంగళూరు లేస్తాది అని చెప్పుకునేది. ఆ మాట పడిపోకూడదని ఆయన చలిజ్వరంలో కూడా కంబళి కప్పుకుని పనికి వచ్చేవాడు. నేనెరిగినంతలో ఆయనకున్న ఆస్తి అదొక్కటే.

అదే రోజుల్లో సర్కారు దేశంలో గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు తిప్పింది. గడియారం ముందుకు తిప్పితే యుద్ధం ఎలా గెలుస్తామో మాకెవరికీ అర్థం కాలేదు. మిల్లు కొత్త టైముకు మారింది. పేటలో సగం ఇళ్ళు పాత టైములోనే ఉండిపోయాయి. ఒకే వీధిలో ఈ అరుగు మీద రాహుకాలం అయిపోయేది, ఎదురు అరుగు మీద ఇంకా గంట మిగిలి ఉండేది. ఎవరు ఏ వేళ చెప్పినా కొత్తదా పాతదా అని అడగాలని పసిపిల్లలకు కూడా తెలుసు. అందరికీ తెలుసు కదా అని నా పెళ్ళి మాటల్లో ఎవరూ అడగలేదు.

పిల్లవాళ్ళది దొడ్డబళ్ళాపురం. వాళ్ళింట్లో పెత్తనం పిల్ల తాతది. ఆయనా మా నాయనా లగ్నం పదిన్నరకని ఒకే మాట మీద తాంబూలాలు మార్చుకున్నారు. మా నాయనది కొత్త పదిన్నర. తాతది పాత పదిన్నర, ఎందుకంటే సూర్యుడు సర్కారు జీతగాడు కాదని ఆయన సిద్ధాంతం. మిల్లులో నాకు సెలవు సరిగ్గా దొరకక పెళ్ళి మిల్లుకు ఎదురుగా, గట్టు మీది సత్రంలో పెట్టుకున్నాం. మా నాయన గడియారంలో పదిన్నర అయ్యేసరికి నేను నొసట బాసికంతో పీటల మీద ఉన్నాను. అటు చూస్తే పిల్లకు ఇంకా జడ వెయ్యలేదు, వాళ్ళ బంధువులు తీరిగ్గా ఉప్పిట్టు తింటున్నారు. పిల్లను తీసుకురమ్మని మా నాయన కేకేశాడు. ఇంకా గంట ఉండాది కదప్పా, నువ్వూ ఒగ ముద్ద తిను అన్నాడు తాత.

అక్కడ మొదలైంది. మా పురోహితుడు మావైపు, వాళ్ళ పురోహితుడు వాళ్ళవైపు పంచాంగం తిప్పారు. లగ్నం దాటిపోతోందని మా నాయన, లగ్నం ఇంకా రానేలేదని తాత. వేళ తెలియని ఊరితో వియ్యమేమిటని మా నాయన నోరు జారాడు. తాత మెల్లగా ఉప్పిట్టు ఆకు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని అన్నాడు.

"టైములో గంట మింగినోడు గజంలో బెత్తెడు మింగడా అప్పా?"

గుడ్డల అంగడివాణ్ణి ఈ మాట అన్నాక ఇంకేముంది? మా నాయన నన్ను లేవమన్నాడు. సత్రం బయట ఉన్న జట్కాలోకి మా ఇత్తడి బిందెలు ఎక్కించడం మొదలుపెట్టారు. నేను పీటల మీంచి లేచి గట్టు మీదికి వచ్చి ఏమీ తోచక మిల్లు వైపు చూశాను. బాయిలరు ఇంటి కిటికీలో తుండు చుట్టిన తల కనబడింది. నేను చెయ్యి ఊపలేదు, సైగ చెయ్యలేదు. బాసికం కట్టుకున్న మనిషి మొహంలో ఏం కనిపిస్తుందో అదే కనిపించి ఉంటుంది. చివరి బిందె జట్కా ఎక్కుతుండగా కూత మొదలైంది. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ పేటలో చెప్పుకుంటారు, కొంత నా వల్లనే. చిక్కపేటలో అంగళ్ళవాళ్ళు బేరాలను మధ్యలోనే వదిలేసి అరుగుల కింద దూరారు. ఒక పోలీసాయన తను పట్టుకున్న దొంగకే తన టోపీ ఇచ్చి పట్టుకోమని కాలువలోకి దూకాడు. జట్కా గుర్రం మా బిందెలతో సహా యలహంక దాకా పోయింది. పెళ్ళివాళ్ళందరూ కందకాల్లో పడ్డారు. మా కందకంలో నేను, నా పక్కన సగం జడతో పిల్ల, ఇద్దరు పురోహితులు, అడుగున మా నాయన, ఆయన మీద తాత. నాదస్వరం ఆయన వేరే కందకంలో దూకి, భయానికి చేతులు ఖాళీగా ఉండలేక అక్కణ్ణుంచే ఊదుతున్నాడు. భూమిలోంచి కల్యాణి రాగం వినాలంటే ఆరోజే వినాలి.

కూత ఆగి ఆగి వస్తూనే ఉంది. ఆకాశంలో ఏమీ లేదు, అయినా అందరూ దాన్నే చూస్తున్నారు. చచ్చేదైతే పిల్లను ముత్తయిదువగా చావనీండి, కట్టించండప్పా అన్నాడు తాత, మా నాయన వీపు మీంచి. కింద నుంచి మా నాయన గొంతు వచ్చింది, ఏ టైములో కట్టించాలని. అంత భయంలోనూ ఆయన ఆ ప్రశ్న వదల్లేదు.

"నీదీ కాదు, నాదీ కాదు," అన్నాడు తాత. "కూత టైములో."

తాత పైపంచ అడ్డుతెర అయింది. జీలకర్రా బెల్లం పిల్ల మేనత్త పిడికిట్లోనే భద్రంగా ఉన్నాయి. అక్షింతలకు బదులు గట్టు మట్టి మా నెత్తిన రాలింది. మూడో ముడి పడ్డాక, ఎలా తెలిసిందో ఏమో, మిల్లు మీది ఇత్తడి గొంతు ఒకే కూత సాగదీసింది. నా జన్మలో అంత పొడుగు కూత మళ్ళీ వినలేదు. మిల్లులో ఆవిరి చాలక గంజి యంత్రం ఆగిపోయిందని తర్వాత చెప్పారు.

మర్నాడే విచారణ. మేనేజరు దొర బల్ల వెనక కూర్చున్నాడు. చౌడప్ప మామ తుండు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మాటల్ని ఇంగ్లీషులో దొరకు చెప్పడానికి నన్నే పిలిచారు. ఎందుకు లాగావని దొర అడిగాడు. కప్పు మీద వాలే కొంగ గురించో, గొలుసుకు పట్టిన తుప్పు గురించో ఏదైనా మంచి కథ చెబుతాడని నేను ఎదురుచూస్తున్నాను. అంత పెద్ద కథలమారి ఆరోజు నేల చూస్తూ నిజం చెప్పాడు.

"వీళ్ళ నాయన బిందెలు జట్కాలో పెట్టిస్తా ఉండాడు. అది చూసి లాగినాను. చట్టం తెల్సు. తెల్సే లాగినాను. అట్లే చెప్పప్పా దొరకు."

నేను దొర వైపు తిరిగాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం కొంగ. చెరువులో చేపలు తినే పెద్ద కొంగ ఒకటి రోజూ మిల్లు కప్పు మీద, ఆ కూత మీదే వాలేది. అది దొర కూడా ఎరుగును, దాని రెట్టలతో ఆయన కారు ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఆ కొసను అక్కడ కట్టి మిగతాది లాగాను. కొంగ కాలు గొలుసు తీగలో చిక్కుకుందన్నాను. విదిలించుకున్నప్పుడల్లా కూత వచ్చిందన్నాను. కొంగకు అంత బరువుంటుందా అని దొర అడిగాడు. మామూలుగా ఉండదు దొరా, అప్పుడే భోంచేసింది అన్నాను. పెళ్ళిపీటల మీద ఉన్నవాడివి పెళ్ళికూతుర్ని చూడక కొంగనెలా చూశావన్నాడు. మా ఆచారంలో జీలకర్రా బెల్లం పెట్టేదాకా మధ్యలో తెర ఉంటుంది, ఇక పైకి చూడక ఎక్కడ చూడనన్నాను. చౌడప్ప మామకు ఇంగ్లీషు రాదు. తను చెప్పిన రెండు ముక్కలు ఇంత పొడుగెందుకయ్యాయో తెలియక నన్నూ దొరనూ మార్చి మార్చి చూస్తున్నాడు. దొర లేచి కిటికీ దగ్గరకు పోయి కప్పు వైపు చూశాడు. పిలిచినట్టు కొంగ అక్కడే ఉంది. దొర చాలాసేపు దాన్ని చూసి, వెనక్కి తిరిగి, ఆ పక్షి కాళ్ళు తగలకుండా తీగకు జల్లెడ కట్టించమన్నాడు. ఇక వెళ్ళి గొలుసు చూసుకోమని చౌడప్పతో చెప్పమన్నాడు. ఆ మధ్యాహ్నం కూతకు చేపలతో పాటు నేను కూడా గట్టు దగ్గర నిలబడ్డాను.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒక్క ముక్క కల్పించాను. పోలీసాయన టోపీ గురించి కాదు, కావాలంటే టోపీ చూసినవాళ్ళున్నారు. కందకం నిజం, మా ఆవిడ చీరకు ఆ ఎర్రమట్టి ఇప్పటికీ వదల్లేదు. కొంగ కప్పు మీద ఉండటం, దొర లేచి చూడటం కూడా నిజమే. కాని దొర వెనక్కి తిరిగి జల్లెడ గురించి మాట్లాడలేదు. మైసూరు సీమలో తల నెరిసిన మనిషి అతను. చౌడప్ప మామ చెప్పిన ప్రతి మాటా అతనికి మొదటే అర్థమైంది. నా కొంగను ఆఖరి ఈక దాకా విని, చక్కటి తెలుగులో, కథ బాగుంది, గొలుసు రేపటి నుంచి వేరేవాళ్ళకు అన్నాడు. పోలీసుల దాకా పోనివ్వలేదు, అంతే. చౌడప్ప మామ ఆ మిల్లులో ఉన్నన్నాళ్ళూ బొగ్గు ఎత్తాడు. ఆ గొలుసు మళ్ళీ ముట్టుకోలేదు.

ముద్దమ్మ ఉండగా ఈ మాట పైకి రాకూడదనుకున్నాను. ఆమె పోయిన మాఘంలో కన్నుమూసింది గనక రాస్తున్నాను. గొలుసు పోయిన కొన్నాళ్ళకు, మధ్యాహ్నం రేకుల కొట్టం కింద అందరం అన్నాలు తింటుంటే, కొత్తగా చేరినవాళ్ళు ఆ పెళ్ళి కథ చెప్పమని నన్ను పట్టుకున్నారు. చెప్పుకుంటూ దొర కిటికీ దగ్గరకు పోయినదాకా వచ్చాను. తలెత్తి చూస్తే ఎదురుగా చౌడప్ప మామ సంగటి ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయి ఉన్నాడు. పక్కనే, కూడు తెచ్చిన ముద్దమ్మ. చేతులకు బొగ్గు బాయిలరు వాడికి ఎప్పుడూ ఉండేదే, అందుకని ఆమెకు అనుమానం రాలేదు, ఆయన చెప్పలేదు. కొళాయి దగ్గర ఆమె మాటల్లో ఇంకా బెంగళూరును ఆయనే లేపుతున్నాడు. ఆ జల్లెడ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. దొర గొలుసు తిరిగి ఇచ్చేశాడని చెప్పాను. నిజం తెలిసిన పాతవాళ్ళందరూ తలలు వంచుకుని తినసాగారు. ఇయ్యక యాడికి పోతాడు అంది ముద్దమ్మ, గిన్నెలు సర్దుకుంటూ.

ఆమె గట్టు మలుపు తిరిగేదాకా చౌడప్ప మామ అటే చూశాడు. తర్వాత నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"బాగుండాదప్పా," అన్నాడు. "ఇంక మార్చొద్దు. అట్లే చెప్పు."